ఓడలో చివరి వరస

నిజాంపేట,
8-6-2025

ఒరే ఓబులేసూ, మన తేజస్విని గీసిన నాటకశాల ఓడెక్కుతోందిరా!

చూశావా, దీవెన కూడా రాయకుండా విషయం కక్కేశాను. మళ్లీ మొదటినుంచి రాద్దామంటే చేయి ఆగడం లేదు. నీకూ చెన్నమ్మకూ దీవెనలు ఈ వాక్యంలోనే తీసుకోండి. మీ వదినకు మోకాళ్ల నొప్పి తప్ప ఇక్కడ మాకు ఏ లోటూ లేదు.

ఓడంటే సరుకులు మోసేది కాదు. జనం పనీపాటా లేకుండా సంతోషంగా తిరగడానికి ఎక్కే ఓడ. అందులో హోటళ్లు, అంగళ్లు, ఈతకొలను, ఒక ఊరికి ఊరే ఉంటుందంట. ఆ ఊరికొక నాటకశాల. ఓడను కట్టేది ఇటలీ దేశంలో, లోపలి గదులు గీసేది మన హైటెక్ సిటీలో. తేజ ఇన్నాళ్లూ వేరేవాళ్లు గీసినదాంట్లో మెట్లూ తలుపులూ సరిచేసేది. ఈసారి నాటకశాల మొత్తం దాని చేతికే ఇచ్చారు. కుర్చీల నుంచి రంగస్థలం దాకా అంతా మన పిల్లదే! అది ఈ మాట చెప్పినప్పుడు నేను చొక్కాకు గుండీలు కుడుతున్నాను. సూది ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. మీ వదిన చెప్పులు లేకుండా ఇంట్లో అడుగు పెట్టడం లేదు.

నిన్న ఆఫీసుకు తీసుకుపోయి చూపించింది. పెద్ద అద్దాల మేడ. కంప్యూటర్లో నన్ను నాటకశాల లోపల నడిపించింది. నేను మొదట అడిగింది తెర గురించే. మన నాటక సమాజానికి అన్నేళ్లు తెరలు కుట్టి, తాడు లాగినవాడిని, ఇంకేం అడుగుతాను? "ఇక్కడ తెర పైకి లేవదు నాన్నా, పక్కలకు పోతుంది" అంది. ఎందుకమ్మా అంటే, "పైన ఈతకొలను ఉంది కదా" అంది. నెత్తిన నీళ్లు, కింద సముద్రం, నడుమ నాటకం! తెర కింది అంచును కూడా బిగించి ఉంచాలంట. లేకపోతే ఓడ ఊగినప్పుడల్లా తెర ఊగి, చూసేవాళ్లకు కడుపులో తిప్పుతుందంట. గుడ్డ నిప్పంటుకోనిదై ఉండాలంట. "ఏ గుడ్డయినా తీసుకురండి, కుట్టేది మాత్రం నేనే" అన్నాను. చుట్టూ కూర్చున్న పిల్లలంతా నవ్వారు. నవ్వనీ.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు. నీ గొంతు ఆపరేషన్‌కు ముందు తేజ ఆదోని వచ్చి, జిన్నింగు మిల్లు పత్తి గోదాములో నీ చేత పద్యం పాడించి రికార్డు చేసుకుపోయింది కదా, అడవికి పోయే రాజు పద్యం. "చిన్నాయన గొంతు ఆ హాల్లో పెట్టి విన్నాను నాన్నా" అంది. అర్థమైందా? ఆ ఓడ నాటకశాలలో మొట్టమొదట మోగేది నీ పద్యమేరా! ఇటలీ సముద్రం మీద మన ఆదోని రాగం! ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

ఇది నీకు ఫోన్లో చెప్పాలని ఎంత కొట్టుకున్నానో. చేస్తే చెన్నమ్మ ఎత్తుతుంది. "బాగుండాడు బావా, పక్కనే ఉండాడు" అంటుంది. పక్కనే ఉన్న నీ నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. డాక్టరు ఇచ్చిన ఆ గొంతు మిషను, మెడకు ఆనించి మాట్లాడేది, దాన్ని పెట్టెలోంచి తీశావా లేదా? తీయి నాయనా. ఒక్కమాట మాట్లాడు. అంతవరకూ ఈ ఉత్తరాలే మన ఫోను.

సంతోషం పట్టలేని నీ అన్న,
పెద్దన్న


ఆదోని,
15-6-2025

అన్నకు ఓబులేసు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. తేజ చిన్నప్పుడు మన కిరీటాల పెట్టె మీద పడుకుని నిద్రపోయేది. దాన్ని లేపకుండా కిరీటం తీసుకోవడం నాకు పెద్ద పని. ఇప్పుడు అదే నాటకశాల గీస్తోందంటే నాకూ సంతోషమే. నీలాగా కాగితం చిరిగేటట్టు రాయడం నాకు రాదు, అంతే.

మిషను పెట్టెలోనే ఉంది. చెన్నమ్మ అప్పుడప్పుడు దుమ్ము తుడుస్తుంది. ఆసుపత్రిలో ఒకసారి మెడకు ఆనించి చూశాను. ఆ గదిలో ఉన్న ఒక పాప భయపడి వాళ్లమ్మ కొంగు చాటుకు పోయింది. ఆ శబ్దం ఎట్లుంటుందో నీకు రాయను. నువ్వు వినలేదు, వినవద్దు. జీవితమంతా రాజు వేషం కట్టినవాడిని, ఆ శబ్దంతో మంచినీళ్లు అడగలేను. సైగ చాలు.

ఆ గోదాము పద్యం మాత్రం వద్దు. ఆ రోజు ఎట్లా పాడానో నాకు తెలుసు. మాట నోట్లోంచి బయటికి పోయి అక్కడే పడిపోయింది. రాగం తీస్తే నా చెవికి తిరిగి రాలేదు. కత్తి పెట్టకముందే గొంతు పోయిందని ఆ రోజే తెలిసింది. పిల్ల ముందు అనలేక ఊరుకున్నాను.

ఇంతవరకూ రాసి పక్కన పెట్టాను. ఈలోగా చెన్నమ్మ నీ ఉత్తరాన్ని వాకిట్లో కూర్చుని వీధి వీధికంతా చదివింది. దాని సంగతి నీకు తెలుసు. సాయంత్రానికి హార్మోనియం పార్థసారథి వచ్చి నా చేతులు పట్టుకుని ఊపేశాడు. "ఓడలో నీ పద్యమంట, మాకు చెప్పవేమప్పా! మేమేమన్నా పరాయోళ్లమా?" అన్నాడు. నాటక సమాజం వాళ్లు సన్మానం చేస్తారంట. శాలువా కొని తెచ్చి, ఇంట్లో పెట్టి మరీ పోయారు. ఓడ బయలుదేరే తారీకు చెబితే ఆ రోజే పెట్టుకుందామన్నారు.

వద్దని పైన రాశాను. అయినా అడుగుతున్నాను. అది నిజమేనా అన్నా? ఓడలోనా?

ఓబులేసు


నిజాంపేట,
21-6-2025

నా తమ్ముడు ఓబులేసు నిండునూరేళ్లు చల్లగా ఉండాలి. చెన్నమ్మ కూడా.

నీ ఉత్తరం చివర "నిజమేనా అన్నా" అన్న చోట నేను చదవడం ఆపేసి, ఇంట్లో నాలుగు మూలలా తిరిగాను. మీ వదిన "ఏమైంది, పురుగు కుట్టిందా?" అని అడిగింది. తారీకు కనుక్కుందామని తేజ ఆఫీసు నుంచి వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

ఇక్కడినుంచి రాయడం నాకు కష్టంగా ఉందిరా. కానీ తేజ ఈరోజే రాయమంది.

నేను అడగ్గానే దాని మొహం మారిపోయింది. "అయ్యో నాన్నా, ఓడలో కాదు! మా ఆఫీసులో వినే గది ఒకటుంది. ఇంకా కట్టని హాల్లో గొంతు ఎట్లా వినిపిస్తుందో కంప్యూటరుతో లెక్కకట్టి, ఆ గదిలో ముందే వింటాం. పరీక్షకు చిన్నాయన గొంతు పెట్టాను, అంతే. ఓడలో వాళ్ల డ్యాన్సులు ఉంటాయి, సర్కస్సులు ఉంటాయి. నువ్వు చిన్నాయనకు ఏమని రాశావు?" అంది. చెప్పాను. తల పట్టుకుని సోఫాలో కూర్చుంది.

నేను విన్నది సగం, రాసింది రెండింతలు. సంతోషంలో కళ్లు కనపడలేదు. పార్థసారథి వాళ్లకు ఏమని చెబుతావో, ఆ మాట నా మీద పెట్టి చెప్పు. "మా అన్నకు నోటి దురద" అను. నిజమే కదా.

అయితే ఇంకో సంగతి ఉంది, ఇది మాత్రం తేజను పక్కన కూర్చోబెట్టుకుని రాస్తున్నాను, ఒక్క ముక్క కూడా పెంచలేదు. ఓడ యజమానులు నాటకశాల వెనక గోడ తీసేయమంటున్నారు. చివరి వరసల వెనక మందు పోసే బారు పెట్టుకుంటారంట. నాటకం చూస్తూ తాగొచ్చు, తాగుతూ చూడొచ్చు. గోడ పోతే ఆ వరసలకు గొంతు అందదని తేజ వాదన. "అందరికీ మైకులు ఉంటాయి, గొంతుతో పనేముంది?" అని వాళ్ల వాదన. దానికి మన పిల్ల ఏమందో తెలుసా? ఓడకు ఆపద వస్తే జనాన్ని ముందుగా చేర్చే చోట్లలో ఆ నాటకశాల ఒకటంట. "ఆ రోజు మైకులు పనిచేయకపోతే? ఒక మనిషి ఉత్త గొంతుతో చెప్పేది చివరి కుర్చీలో ఉన్నవాళ్లకు వినపడాలి" అంది.

జూలై పద్దెనిమిదిన మీటింగు. ఇటలీ వాళ్లు తెర మీద కనపడతారు. ఆ రోజు నీ పద్యం పెట్టి వినిపించాలని తేజ ఆశ. నువ్వు వద్దన్నావని చెప్పాను. "చిన్నాయన ఒప్పుకుంటేనే. లేకపోతే ఇంగ్లీషు చదివే గొంతులున్నాయి, వాటినే పెడతాను" అంది. మళ్లీ తనే, "మైకు లేకుండా ఊరి చివరిదాకా పోవాలని పాడే గొంతు మాత్రం నా దగ్గర ఇదొక్కటే ఉంది" అంది.

నేనేమీ చెప్పను. నా మాట మీద నీకు నమ్మకం ఉండదు ఇప్పుడు.

సిగ్గుతో, ప్రేమతో,
నీ అన్న పెద్దన్న


ఆదోని,
27-6-2025

అన్నా,

శాలువా పార్థసారథి వాళ్లింటికి తీసుకుపోయాను. వాడు వెనక్కి తీసుకోనన్నాడు. నేను సైగ చేస్తే అర్థం కానట్టు నటించాడు. కట్టె పలక మీద రాసి చూపిస్తే కళ్లద్దాలు లేవన్నాడు. చివరికి చెన్నమ్మ పోయి వాళ్ల గూట్లో పెట్టి వచ్చింది. నిన్ను నేను ఏమీ అనను. నీ సంతోషానికి మొదటినుంచీ గుండీలు లేవు.

తేజ సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. ఆ గోదాములో నా గొంతు నా చెవికే రాలేదు. దాన్ని తీసుకుపోయి ఆ ఇటలీ వాళ్ల ముందు పెట్టి, "చూడండి, ఇట్లా వినపడకుండా పోతుంది" అని చూపిస్తుందా? వినపడని గొంతు కావాలంటే అంతకంటే మంచిది దొరకదు, నిజమే. పిల్ల అడిగిన పని కాబట్టి కాదనలేను. అవునని కూడా చేయి రావడం లేదు.

ఆలోచించుకోనీ. ఇంక ఈ విషయం నువ్వు రాయొద్దు. జవాబు నేనే చెబుతాను.

ఓబులేసు


నిజాంపేట,
10-7-2025

ఓబులేసూ,

రాయొద్దన్నావు, అందుకని ఆ విషయం రాయడం లేదు. నీ జవాబు కోసం పోస్టు డబ్బా తెరిచి మూసి, దాని తలుపు ఊడొచ్చింది. ఆ సంగతి మాత్రం రాయొచ్చు కదా.

ఊరికే ఇక్కడి కబుర్లు రాస్తాను. ప్రగతి నగర్ చెరువు కట్ట మీద పొద్దున నడుస్తున్నాను. మీ వదిన కూడా వస్తుంది కానీ నడవదు, బెంచీ మీద కూర్చుని నేను ఎన్ని చుట్లు ఎగ్గొట్టానో చూస్తుంది. వాన సరిగా పడలేదు.

మొన్న ఒక తమాషా జరిగింది. మధ్యాహ్నం నేనూ, పనికి వచ్చే యాదమ్మా తప్ప ఇంట్లో ఎవరూ లేరు. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే మనిషి కాదు! తేనెటీగను డబ్బాలో వేసి మూత పెట్టినట్టు బుర్రుమని ఒకటే శబ్దం. ఆ బుర్రులోంచి "అన్నా" అంటాడు. ఈ ఊళ్లో అందరికీ అందరూ అన్నలే, అందులో నా పేరే పెద్దన్న. "ఎవరు?" అంటే మళ్లీ బుర్రు. "నేను" అన్నట్టు వినిపించింది, తరువాత ఏమీ అర్థం కాలేదు. యాదమ్మ చీపురు పట్టుకుని వచ్చి, "ఎవరు సారూ?" అంది. తెలియదమ్మా, ఏదో మిషను మాట్లాడుతోంది అన్నాను. "మిషన్ల మాట్లాడుతుండంటే పక్కా దొంగోడే సారూ! మూడో అంతస్తు మేడమ్‌కు గిట్లనే ఫోన్ జేసి, పోలీసోళ్లమని చెప్పి, దినమంతా పరేషాన్ జేసిండ్రు. మాట్లాడకు, జర కట్ చెయ్యి!" అంది.

నాకు కోపం ఆగలేదు. రంగస్థలం వెనక మేకప్పు వాళ్లను తిట్టే గొంతు తీశాను. "సిగ్గు లేదురా? ముసలివాళ్లను మోసం చేసి బతుకుతావా? చేతనైతే మనిషి గొంతుతో మాట్లాడు, లేకపోతే నోరు మూసుకో!" అని పెట్టేశాను. మళ్లీ మోగింది. ఎత్తకుండానే కట్ చేశాను. యాదమ్మ "శభాష్ సారూ" అని తనే టీ పెట్టి ఇచ్చింది. సాయంత్రం తేజకు చెబితే అది కూడా, "మంచి పని చేశావు నాన్నా, అట్లాంటివాళ్లతో ఒక్క మాట కూడా పెంచకూడదు" అని మెచ్చుకుంది. చూశావా, మీ అన్న హైదరాబాదులో ఎంత తెలివి మీరాడో!

తేజ ఏమీ అనడం లేదు కానీ పద్దెనిమిదో తారీకు దగ్గరికొచ్చింది. అదిగో, రాయనని రాసేశాను. ఒక్క ముక్క రాయిరా. అవునో కాదో.

నీ అన్న,
పెద్దన్న


ఆదోని,
14-7-2025

అన్నా,

ఆ దొంగను నేనే.

చెన్నమ్మ ముందు మిషను తీయడానికి సిగ్గేసింది. అందుకని సమాజం గదికి తీసుకుపోయి, తలుపు వేసుకుని కొన్నాళ్లు సాధన చేశాను. కొత్త పద్యం నేర్చుకున్నట్టే. ఎక్కడ నొక్కితే మాట బాగా పలుకుతుందో, ఎక్కడ ఆగాలో. మొదటి మాట నీకే చెప్పాలని పార్థసారథి ఫోను అడిగి తీసుకున్నాను. "అన్నా, నేను ఓబులేసును. తేజను పద్యం పెట్టుకోమను" అని చెప్పాలని. అంతే. వాడు పక్కనే నిలబడి ఉన్నాడు. నీ గొంతు ఎప్పుడూ పెద్దదే కదా, నువ్వన్నదంతా వాడికీ వినిపించింది. రెండోసారి మాట్లాడమని వాడే నంబరు నొక్కి ఇచ్చాడు.

నీ తప్పేమీ లేదు. నువ్వు వినవద్దనే ముందు రాశాను. నువ్వు అన్నది కూడా సరైనదే. మనిషి గొంతు కాదది.

మిషను పెట్టెలో పెట్టి, పెట్టె అటక మీద పెట్టాను. తేజను పద్యం పెట్టుకోమను. ఇది రాతలో ఇస్తున్నాను.

ఓబులేసు


నిజాంపేట,
20-7-2025

గోడ నిలిచిందిరా ఓబులేసూ! బారు బయటికి పోయింది, గోడ నిలిచింది, నీ గొంతు నిలబెట్టింది!

ఇది ముందు రాశాను. ఎందుకంటే రెండో మాట ముందు రాస్తే ఇక్కడిదాకా వచ్చేవాడిని కాదు. అన్నను కాబట్టి నీ కాళ్లు పట్టుకోకూడదు. ఈ కాగితం అంచును నా చేయి అనుకో. పట్టుకో.

నీ ఉత్తరం చదివి గదిలో కూర్చుండిపోయాను. యాదమ్మ వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాను. చీపురు కింద పడేసి, "అయ్యో, నీ తమ్మునివా సారూ! నేనే కట్ చెయ్యమంటి గదా" అని గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆ రోజు ఫోన్ వచ్చిన నంబరుకే పార్థసారథికి చేశాను. "ఎట్లున్నాడప్పా?" అంటే, "మాట్లాడడు, సైగ కూడా చేయడం లేదు" అన్నాడు. చెన్నమ్మకు చేశాను. "ఫోను చెవికి పెడితే మొగం తిప్పుకుంటాండాడు బావా" అంది. ఆమె గొంతులో నా మీద కోపం ఉంది. ఉండాల్సిందే.

తేజ కూడా నీ ఉత్తరం చదివింది. మొహం కడుక్కుని వచ్చి, "రేపు పొద్దున నాతో రా నాన్నా, మీటింగుకు ముందు నువ్వు వినాలి" అంది.

వినే గది చిన్నది. గోడలకు, పైకప్పుకు, అంతటా మెత్తటి దిండ్లలాంటివి. లోపలికి పోయి తలుపు వేస్తే నా మాట నాకే కొత్తగా వినిపించింది, నోటి ముందే ఆగిపోతోంది. "అమ్మా, ఇది పత్తి గోదాములాగా ఉందే" అన్నాను. "అదే నాన్నా! చిన్నాయనను నేను అందుకే అక్కడికి తీసుకుపోయాను" అంది. విను, దాని మాటలే రాస్తున్నాను. "ఇంట్లో పాడినా, గుళ్లో పాడినా ఆ గోడల మోత గొంతుకు అంటుకుని వస్తుంది. తరువాత విడదీయలేం. చుట్టూ పత్తి బేళ్లు ఉంటే మోతనంతా పత్తి తాగేస్తుంది, ఉత్త గొంతు మిగులుతుంది. అట్లాంటి గొంతుకే ఏ హాలైనా తొడగొచ్చు. అంతకంటే మంచి చోటు ఆదోనిలో లేదు. తన చెవికి తిరిగి రాకపోతే చిన్నాయన ఇట్లా అనుకుంటాడని నాకు తట్టలేదు. పరీక్ష అని చెబితే బిగుసుకుపోతాడని చెప్పలేదు, అంతే."

నీ గొంతు ఆ రోజు పోలేదురా. పత్తిలో దాచిపెట్టి తెచ్చింది పిల్ల.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దీపం తగ్గించింది. "ఇప్పుడు నువ్వు ఓడలో చివరి వరసలో ఉన్నావు" అంది. ముందు గోడ లేని హాలు పెట్టింది. పద్యం వచ్చింది, నువ్వే, కానీ చివర రాగం తీసేచోట చెరువు అవతలి ఒడ్డున ఎవరో పాడుతున్నట్టు చెదిరిపోయింది. తరువాత గోడ ఉన్న హాలు. ఓబులేసూ, ఎట్లా రాయను? నువ్వు దూరంగా రంగస్థలం మీద నిలబడి, నా దగ్గరికే పాడావు. ఒక్కొక్క అక్షరం చేతికి అందినట్టు ఉంది. రాగం సాగి సాగి, వెనక గోడకు తగిలి, మెల్లగా నా భుజం మీద దిగింది. రాగం అయిపోగానే నా కుడిచేయి దానంతట అదే పైకి లేచింది. తాడు కోసం. నువ్వు ఆపగానే తెర వేసేది నేనే కదా. చేయి గాల్లో అట్లాగే ఉండిపోయింది. తేజ దాన్ని పట్టుకుని కిందికి దించింది.

మీటింగులోకి నన్ను రానివ్వలేదు. బయట కాఫీ మిషను దగ్గర కూర్చున్నాను. బయటికి వచ్చి తేజ చెప్పింది. ఇటలీ వాళ్లలో పెద్దాయన ఒకడు, ఓడ లోపలి పనులన్నిటికీ ఆయనదే చివరి మాటంట. రెండు హాళ్లూ విన్నాక కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడంట. పద్యంలో ఒక్క ముక్క కూడా ఆయనకు అర్థం కాదు. "ఇంకొకసారి వినిపించండి" అన్నాడంట. వన్స్‌మోర్‌రా! ఆదోని మైదానంలో పడినట్టే వన్స్‌మోర్ పడింది నీకు! మళ్లీ విని, "ఈయన మా ఓడలో ఉంటే మైకులు అక్కరలేదు. గోడ ఉండనీ" అన్నాడంట. ఆ గోడ ఎంత వంపు తిరగాలో, బాల్కనీ అంచు ఎక్కడ ఆగాలో, అన్నీ ఇక నీ పద్యాన్ని పెట్టి విని విని సరిచేస్తుందంట తేజ. నాకు వచ్చిన పనిలో చెబితే, ఒంటికి కొలత తీసి చొక్కా కుట్టినట్టు.

నేను మొదట రాసింది తప్పే. ఆ ఓడలో నీ పద్యం మోగదు. ఎక్కినవాళ్లకు నీ పేరు కూడా తెలియదు. కానీ ఏ రోజైనా ఆపద వచ్చి, దీపాలు ఆరి, మైకులు మూగబోతే, ఎవరో ఒక మనిషి లేచి "భయపడకండి" అంటాడు. చివరి వరసలో పిల్లను ఎత్తుకుని నిలబడిన తల్లికి ఆ మాట వినిపిస్తుంది. అది నీ గొంతు కొలతకు కట్టిన గోడ కాబట్టి.

ఇప్పుడు ఆ ఫోను సంగతి. రోజూ గుర్తు చేసుకుంటున్నాను. "అన్నా" అన్నావు చూడు, అంత బుర్రులోనూ చివర సాగదీశావు. నువ్వు చిన్నప్పటినుంచీ నన్ను పిలిచే సాగతీత అదే. మిషను దాన్ని మార్చలేదు. నేనే వినలేదు. ముందు వరసలో కూర్చున్నవాడికి వినిపించకపోతే తప్పు గొంతుది కాదు. మనిషి గొంతు కాదని నువ్వు రాశావు. ఇంకోసారి అట్లా రాశావంటే ఆదోని బస్సెక్కి వచ్చి కొడతాను.

అటక మీదినుంచి పెట్టె దించు. గోడ నిలిచిన సంగతి మనవాళ్లందరికీ చెప్పాలి, చెప్పేది నువ్వే. ఉత్తరాలు రాసేది లేదు, చెన్నమ్మతో చెప్పించేది లేదు. ఎవరెవరికంటే:

ఎమ్మిగనూరు మేనత్తకు. ఆమెకు చెవుడు, ఏ గొంతైనా ఒకటే. సాధనకు బాగుంటుంది.

గుంతకల్లు చిన్నక్కకు. ఆమె మనవళ్లు ఆ మిషను తమకూ కావాలని ఏడుస్తారు, ఇవ్వొద్దు.

ఆలూరు మామకు. నాటకాలతో ఏం బాగుపడతారని మన ఇద్దరినీ జీవితమంతా తిట్టాడు కదా. ఆయనకు మిషను గట్టిగా నొక్కి చెప్పు.

కర్నూలు బావకు, ఆయన పక్కనే ఉండే ఆయన తమ్ముడికి. ఇద్దరికీ మాటలు లేవు, కాబట్టి విడివిడిగా.

పార్థసారథికి. చుట్టం కాదు, అయినా రాస్తున్నాను. శాలువా గూట్లోంచి తీయమను.

చెన్నమ్మకు. ఆమె ముందు తీయడానికి సిగ్గుపడ్డావు. ఇన్నాళ్లూ నీ బదులు ఫోనెత్తింది ఆమె. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పు.

వీళ్లందరికంటే ముందు నాకు. నాకు ఈ సంగతి ఇంకా తెలియదు. ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను.